ఆక్టోపసా, స్క్విడ్డా? సముద్ర జీవశాస్త్రం చెప్పే బొమ్మకు ఏది, ఎలా ఎంచుకోవాలి

ఆక్టోపస్ బొమ్మ కనిపిస్తే ముందు నోరు ఎక్కడ పెట్టారో చూడండి. చాలా బొమ్మల్లో కళ్ల కింద, మనిషికి ఉన్నచోటే ఉంటుంది. అసలు నోరు ఎనిమిది చేతులూ కలిసేచోట, అడుగున, సరిగ్గా మధ్యలో ఉంటుంది. లోపల చిలుక ముక్కులాంటి గట్టి ముక్కు ఉంటుంది. కళ్ల పక్కన కనిపించే గొట్టాన్ని కొందరు నోరనుకుంటారు, అది నీళ్లు బయటికి చిమ్మే గరాటు. ఇక పైన ఉబ్బి కనిపించే సంచిని అందరూ తల అంటారు. అది మొండెం. మొప్పలు, గుండెలు, జీర్ణాశయం, సిరా సంచి అన్నీ అందులోనే. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ప్రావారం. తల అంటే సంచికీ చేతులకీ మధ్య, కళ్లున్న భాగం మాత్రమే.

బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఈ మూడింట్లో ఏది తప్పినా చూసినవాళ్లు తప్పే నేర్చుకుని పోతారు. అందుకని పెన్ను కొనాలా, ట్యాబ్ కొనాలా అన్న ప్రశ్నకు ముందు ఒక వాక్యం కాగితం మీద పెట్టుకోండి: ఈ బొమ్మ చూసినవాళ్లు ఏ ఒక్క విషయం తెలుసుకోవాలి? ‘స్క్విడ్ నీళ్లు చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది’ అన్నది ఒక వాక్యం. ‘ఆక్టోపస్‌కు మూడు గుండెలు’ అన్నది ఇంకొకటి. రెండూ ఒకే బొమ్మలో ఇరికిస్తే రెండూ మనసుకు పట్టవు. ఏ జంతువు, ఏ కోణం, ఏ మాధ్యమం అన్నవి ఆ వాక్యాన్ని బట్టే తేలతాయి. చాలామంది నచ్చిన మాధ్యమంతో మొదలుపెట్టి, విషయాన్ని తర్వాత అందులోకి దూర్చబోతారు. పేచీ అక్కడే వస్తుంది.

ఏ జంతువు?

మొదటిసారి గీసేవాళ్లు స్క్విడ్‌తో మొదలుపెట్టడం మంచిది. దానికి కొలతలకు లొంగే ఆకారం ఉంది. ప్రావారం గొట్టంలా ఉంటుంది, వీపు పొడవునా ఈకను పోలిన, కైటిన్ అనే గట్టి పదార్థంతో అయిన పారదర్శకమైన పలక దాన్ని నిలబెడుతుంది. దీన్నే పెన్ అంటారు. నడిగీత గీసుకుని ఒక పక్క వేసి, ట్రేసింగ్ కాగితం మడిచి రెండో పక్కకు దింపుకోవచ్చు. ఆక్టోపస్‌తో ఆ పని కుదరదు. దానికి స్థిరమైన ఆకారం అంటూ లేదు, భంగిమ మాత్రమే ఉంది. ఏ క్షణపు భంగిమ గీస్తున్నారో తేల్చుకోకపోతే ఎనిమిది తాళ్లు వేలాడే గోనెసంచి తయారవుతుంది.

స్క్విడ్‌ను కొలిచేటప్పుడు ప్రావారం పొడవే ప్రమాణం. వీపువైపు ముందు అంచు నుంచి వెనక కొస దాకా తీసుకోవాలి. చేతులు, వాటికన్నా పొడవైన స్పర్శకాలు సాగేవి కాబట్టి మొత్తం పొడవును నమ్ముకోకూడదు. ఆక్టోపస్‌కైతే రెండు కళ్ల మధ్య బిందువు నుంచి ప్రావారం వెనక కొస దాకా కొలుస్తారు. ఆ పొడవును పది భాగాలు చేసుకుని మిగతావన్నీ దాంతో పోల్చండి. మన తీరంలో తరచుగా దొరికే ఇండియన్ స్క్విడ్, అంటే యూరోట్యూథిస్ డువాసెలీ విషయంలో రెండు ఈదు రెక్కలూ కలిసి డైమండ్ ఆకారంలో ఉంటాయి, వాటి పొడవు ప్రావారంలో సగానికి కాస్త ఎక్కువ. పెద్దరెక్కల స్క్విడ్ సెపియోట్యూథిస్ లెసోనియానాకు రెక్కలు దాదాపు ప్రావారం పొడవునా సాగుతాయి. దాన్ని చూసి, చుట్టూ రెక్క ఉండే దాని బంధువు కటిల్‌ఫిష్ అని పేరు రాసేయడం తరచూ జరిగే పొరపాటు.

స్క్విడ్‌కు ఎనిమిది చేతులు, రెండు స్పర్శకాలు. ఈ తేడా బొమ్మలో తెలియాలి. చేతుల పొడవునా చూషకాలు, అంటే అంటుకునే చిన్న గిన్నెలు, ఉంటాయి. స్పర్శకం సన్నగా నున్నగా సాగి, చివర గదలా వెడల్పయిన భాగంలో మాత్రమే చూషకాలు మోస్తుంది. స్పర్శకం మొత్తానికీ చుక్కలు పెట్టేస్తే అది కేవలం పొడవాటి చేయి అయిపోతుంది, ఎరను పట్టేందుకు విసిరే అంగమన్న విషయం పోతుంది. స్పర్శకాలు ఎక్కడినుంచి పుట్టాలన్నదీ ముఖ్యమే. వీపువైపు నుంచి లెక్కపెడితే మూడో జత, నాలుగో జత చేతుల మధ్యనుంచి వస్తాయి.

ఆక్టోపస్‌ను ఎంచుకోవాల్సింది ప్రవర్తన చెప్పాలనుకున్నప్పుడు. దాక్కోవడం, రంగుతో పాటు చర్మపు గరుకు కూడా మార్చుకోవడం, చేతులతో తడిమి రుచి చూడడం, చిప్పలు మోసుకెళ్లడం. కొబ్బరి చిప్పల ఆక్టోపస్, ఆంఫియాక్టోపస్ మార్జినేటస్, చిప్పను పొట్ట కింద పెట్టుకుని చేతులు కర్రల్లా బిగించి నడిచే తీరును 2009లో శాస్త్రవేత్తలు వివరంగా ప్రచురించారు. ఈ జాతి భారత సముద్రాల్లోనూ ఉంది. కొబ్బరికాయ తెలియని తెలుగు పిల్లలుండరు కాబట్టి, తరగతి గోడకు ఇంతకన్నా మంచి విషయం దొరకడం కష్టం.

ఆక్టోపస్‌లో తప్పు ఎక్కువగా జరిగేది చేతుల దగ్గర. పద్ధతి ఇది. ముందు ఎనిమిది నడిగీతలు మాత్రమే వేయండి, అన్నీ నోటి దగ్గర ఒకే చోట పుట్టాలి. ఎడమ 1 నుంచి 4, కుడి 1 నుంచి 4 అని పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. తర్వాత చూసేవారికి దగ్గరగా ఉన్న చేతికి మందం ఇవ్వండి, దాని వెనక పోయేవి తర్వాత. చేతుల మొదళ్ల మధ్య పల్చటి చర్మపు పొర ఉంటుంది, దాన్ని మర్చిపోతే చేతులు గుచ్చినట్టు కనిపిస్తాయి. చూషకాలు చేతి అడుగునే ఉంటాయి. చేయి మెలి తిరిగినచోట వాటి వరుస కూడా అంచు మీదుగా తిరిగి ఇటు రావాలి. మెలికను చూపించేది నిజానికి ఆ వరుసే, నీడ కాదు. మామూలు ఆక్టోపస్‌కు ఒక్కో చేతికి రెండు వందలకు పైగా చూషకాలు రెండు వరుసల్లో ఉంటాయి. అన్నీ గీయబోతే ఏ రెండు రోజులకో విసుగొస్తుంది, చూసేవాళ్లకూ చిరాకు. మొదటి ఏడెనిమిది జతలు పూర్తిగా, ఆ తర్వాతవి సగం గీతలుగా, కొసన చుక్కలుగా వేస్తే చాలు. ఎదురెదురుగా కాకుండా జిగ్‌జాగ్‌గా పెట్టండి, పక్కకు తిరిగినవి గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో రావాలి.

ఇంకో చిన్న వివరం. ఆక్టోపస్ శరీరం ఎటు ఒరిగినా కంటిపాప మాత్రం నేలకు సమాంతరంగా అడ్డగీతలానే నిలుస్తుంది. ఒరిగిన ఆక్టోపస్‌కు ఒరిగిన కంటిపాప పెడితే తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతారు.

కటిల్‌ఫిష్ ఈ రెంటికీ మధ్య. చుట్టూ కుచ్చులాంటి సన్నటి రెక్క, డబ్ల్యూ ఆకారపు కంటిపాప. స్పర్శకాలు రెండూ కళ్ల కింది సంచుల్లోకి పూర్తిగా ముడుచుకుంటాయి కాబట్టి ఎనిమిది చేతులే గీసినా తప్పు కాదు. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రఫేనం పేరుతో దొరికే తెల్లటి తేలికైన పలక దీని లోపలి ఎముకలాంటి భాగమే. గదులు గదులుగా ఉండే ఆ పలకలో గాలి, నీరు పాళ్లు మార్చుకుంటూ అది నీళ్లలో తేలే ఎత్తును సర్దుకుంటుంది. పెంపుడు చిలుకల పంజరాల్లో వేలాడదీసేదీ అదే. చూసేవాళ్లకు ఇంట్లో తెలిసిన వస్తువుతో మొదలుపెట్టాలనుకుంటే కటిల్‌ఫిష్‌ను మించింది లేదు.

భారీ స్క్విడ్‌ల మీద మోజుంటే ఒక జాగ్రత్త. పొడవు అంకె పెద్దదిగా చెప్పి బస్సు పక్కన పెట్టే బొమ్మలు చాలా ఉన్నాయి. జెయింట్ స్క్విడ్ పొడవులో ఎక్కువ భాగం సాగే స్పర్శకాలదే, ప్రావారం రెండు మీటర్ల చుట్టుపక్కలే. కాబట్టి పక్కన ప్రావారం పొడవుకు వేరే గీత ఇవ్వండి. బరువులో పెద్దది కొలోసల్ స్క్విడ్. న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియంలో ఉన్న 495 కిలోల నమూనా 2007లో దొరికింది. 1925లో పేరు పెట్టిన ఈ జీవిని సహజ ఆవాసంలో సజీవంగా చిత్రీకరించడం 2025 మార్చిలోగానీ కుదరలేదు. దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర, సుమారు 600 మీటర్ల లోతున. అదీ 30 సెంటీమీటర్ల పిల్ల, గాజులా పారదర్శకంగా ఉంది. అంతకుముందు వేసిన భీకరమైన ఎర్రటి బొమ్మలు చాలావరకు పైకి తెచ్చిన నమూనాలను చూసి ఊహించినవే. పెద్ద దానిని బతికుండగా గీస్తున్నానంటే, ఊహాచిత్రమని కింద రాయడం న్యాయం.

దేన్ని చూసి గీయాలి?

చేపల మార్కెట్, వీడియో, ఫొటో, సీసాలోని నమూనా. ఒక్కోటి ఒక్కోదానికి పనికొస్తుంది, ఒక్కోదాన్ని చెడగొడుతుంది.

మార్కెట్ స్క్విడ్ నిర్మాణానికి సాటిలేనిది. చూషకాలు లెక్కపెట్టొచ్చు, ముక్కు పీకి చూడొచ్చు, పెన్ బయటికి లాగొచ్చు. విశాఖ, కాకినాడ హార్బర్లలో పొద్దున్నే వెళ్తే చర్మం చెదరనివి దొరుకుతాయి. చర్మం లేకుండా శుభ్రం చేసి అమ్మేవి, వలయాలుగా కోసిన ఫ్రోజెన్ ప్యాకెట్లు మనకు పనికిరావు. ఇంటికి తెచ్చాక నల్లా నీళ్లలో వేయకండి. మంచినీరు తగిలితే చర్మం ఉబ్బి, ఊడిపోతుంది. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలిపి, సముద్రపు నీటి గాఢతలో, నల్లటి ట్రేలో పెట్టండి. నీళ్లలో చేతులు తేలి విడివిడిగా పరుచుకుంటాయి. థర్మకోల్ ముక్క మీద గుండుసూదులతో ఆనించి ఉంచొచ్చు. ఐస్ నేరుగా తగలకుండా సంచిలో కట్టి కింద పెట్టండి. మన ఎండకు గంటలోపే వాసన మొదలవుతుంది. ఇరవై నిమిషాలు గీసి, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ తీయడం మేలు.

లోపలి భాగాలు గీయాలంటే గరాటు ఉన్న వైపు, అంటే అడుగువైపు, నడిమధ్యన కత్తెరతో కోయండి. కత్తెర మొనను పైకెత్తి పట్టుకోవాలి. కిందికి దిగిందా, వెండిలా మెరిసే సిరా సంచి చిట్లి ట్రే అంతా నలుపే. అలా అయితే ఉప్పునీళ్లు మార్చుకుని కొనసాగించడం తప్ప దారి లేదు, తుడిస్తే మొప్పలకూ అంటుకుంటుంది.

మార్కెట్ నమూనా అబద్ధమాడేది రంగు విషయంలో. బతికున్న స్క్విడ్ చర్మంలో రంగు సంచుల చుట్టూ చిన్న కండరాలుంటాయి. నరాలు ఆజ్ఞాపించగానే అవి లాగుతాయి, సంచి విచ్చుకుని చుక్క పెద్దదవుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. చనిపోయాక ఆ పట్టు పోతుంది, కాబట్టి బల్ల మీద కనిపించే గులాబీ రంగు ఏ భావాన్నీ చెప్పదు. ఆక్టోపస్‌కైతే రంగుతో పాటు ఆకారం కూడా పోతుంది. సంచి చప్పబడి, కళ్లు లోపలికి దిగి తడిగుడ్డలా పడి ఉంటుంది. అందుకే స్క్విడ్‌కు మార్కెట్, ఆక్టోపస్‌కు వీడియో. సీసాల్లో ఆల్కహాల్‌లో ఉంచినవి ముడుచుకుని పాలిపోతాయి. పందొమ్మిదో శతాబ్దంలో లియోపోల్డ్, రుడాల్ఫ్ బ్లాష్కా అనే తండ్రీకొడుకులు సముద్రజీవులకు గాజు నమూనాలు చేసి మ్యూజియాలకు అమ్మగలిగారంటే, సీసాలోని అసలు జీవి రంగూ రూపూ నిలుపుకోలేకపోవడమే కారణం.

వీడియో చూసి గీసేటప్పుడు ఒక్క ఫ్రేము ఆపి దాన్నే దింపకండి. ముందూ వెనకా పది సెకన్లు చూసి, కనబడని చేయి ఎటు పోయిందో పట్టుకోండి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా లోతు సముద్రాల్లో తీసిన వీడియోలు, ఫొటోలు చాలావరకు పేరు పేర్కొని స్వేచ్ఛగా వాడుకోవచ్చు. జనం తీసిన జీవుల ఫొటోలు పంచుకునే ఐనేచురలిస్ట్ సైట్‌లో ఫొటోలకు మామూలుగా ఉండే లైసెన్సు వ్యాపారానికి ఒప్పుకోదు. బడి గోడకు గీస్తే ఇబ్బంది లేదు. అదే బొమ్మను స్టిక్కర్‌గా, టీషర్టుగా అమ్మదలిస్తే ఫొటో తీసినవారిని అడగాలి, లేదా నాలుగైదు ఫొటోలు చూసి సొంత భంగిమ కట్టుకోవాలి. రెండోదే మంచిది, ఎందుకంటే ట్రేస్ చేసిన బొమ్మలో ఫొటో కోణం దాచేసిన చేయి బొమ్మలోనూ దాగే ఉంటుంది.

ఏఐ తయారుచేసిన బొమ్మను ఆధారంగా పెట్టుకోవద్దు. చేతులు ఏడో పదకొండో రావడం, రెండువైపులా చూషకాలు ఉండడం, ఒక చేయి ఇంకో చేతిలో కలిసిపోవడం వాటిలో మామూలు. నేపథ్యానికి రంగుల ఆలోచన కావాలంటే చూడండి, అంతవరకే.

ఏ మాధ్యమం?

జెరాక్స్‌లో నిలిచే బొమ్మ కావాలంటే పెన్ను, చుక్కల నీడ. జాతిని గుర్తుపట్టించడానికి, పరీక్షల డయాగ్రమ్‌కు, నలుపుతెలుపు కరపత్రానికి ఇదే ఉత్తమం. నున్నటి బ్రిస్టల్ కాగితం, 0.1, 0.3, 0.5 మిల్లీమీటర్ల పెన్నులు చాలు. అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీయండి. తగ్గించినప్పుడు చిన్న వణుకులు మాయమవుతాయి. కానీ 0.05 పెన్ను మీద ఆశ పెట్టుకోవద్దు, తగ్గించాక ఆ గీత అసలు కనబడదు. వెలుగు ఎడమ పైనుంచి పడుతున్నట్టు వేయడం శాస్త్రీయ చిత్రాల్లో పాత ఆనవాయితీ, దాన్ని పాటిస్తే పక్కపక్కన పెట్టిన బొమ్మలు పొందిగ్గా ఉంటాయి. చుక్కలకు తోకలొస్తున్నాయంటే పెన్ను ఎత్తే తొందరలో చేయి జరుగుతోందన్నమాట. నిటారుగా పెట్టి నిటారుగా తీయాలి. నీడ భాగాల్లో చుక్కలు దగ్గరైతే జెరాక్స్‌లో అవి కలిసి మచ్చవుతాయి. మధ్యలో ఒకసారి కాపీ తీసి చూసుకుంటే ఆ బాధ తప్పుతుంది. స్కాన్ 1200 డీపీఐలో, నలుపుతెలుపు గీతగా.

పెన్నుకు ఉన్న లోటు, స్క్విడ్‌లో అందమైనదంతా దానికి అందదు. పారదర్శకత, మెరుపు, రంగు మార్పు. వీటికి నీటిరంగు.

నీటిరంగులో ఒక వింత సౌలభ్యం ఉంది. తడి కాగితం మీద పెట్టిన బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ రంగు) చుక్క మెత్తగా విచ్చుకుంటుంది, పొడి కాగితం మీద అదే చుక్క చిన్నగా, అంచు పదునుగా నిలుస్తుంది. విచ్చుకున్న రంగుసంచి, ముడుచుకున్న రంగుసంచి అచ్చం ఇలాగే ఉంటాయి! అంటే ఒకే స్క్విడ్‌కు ఒక పక్క తడిచుక్కలు, ఇంకో పక్క పొడిచుక్కలు వేస్తే రంగు మార్పు ఎలా జరుగుతుందో మాటల్లేకుండా చెప్పేయొచ్చు. కాగితం మందం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉండాలి, తక్కువైతే నీళ్లకు అలలు తేలి రంగు గుంటల్లో పేరుకుంటుంది. 2హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా గీత. పారదర్శకమైన ప్రావారం అయితే లోపల కనిపించే సిరా సంచి నీడను, పెన్ గీతను ముందు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పైన పల్చటి రా సియెన్నా (పసుపుగోధుమ రంగు) పూత. వరుస తిరగేస్తే సిరా సంచి చర్మం మీద అంటించిన మచ్చలా ఉంటుంది. చుక్కలు పెట్టాల్సింది కాగితం మెరుపు పోయి, ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు. మెరుస్తుండగా పెడితే కరిగిపోతాయి. తీరప్రాంతపు తేమలో ఆ క్షణం కోసం ఎదురుచూడాలి, తెలంగాణ మే ఎండల్లో అది చూస్తుండగానే దాటిపోతుంది, కాబట్టి స్ప్రే సీసా పక్కన ఉండాలి. చుక్కలు వీపువైపు పెద్దగా, దట్టంగా. అడుగువైపు చిన్నగా, పల్చగా. సమానంగా చల్లితే చికెన్‌పాక్స్ వచ్చిన స్క్విడ్ అవుతుంది.

గోధుమరంగు కోసం సెపియా తీస్తుంటే, ఆ పేరు కటిల్‌ఫిష్ ప్రజాతిదేనని పిల్లలకు చెప్పడం మరవకండి. ఒకప్పుడు ఆ రంగు దాని సిరాతోనే చేసేవారు. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ ఫిల్‌పాట్ 1833లో బెలెమ్నైట్ శిలాజంలోని ఎండిన సిరాను నీళ్లతో కలిపి, దాంతోనే ఇక్తియోసార్ అనే పురాతన సముద్ర సరీసృపం బొమ్మ వేసింది. కోట్ల ఏళ్ల నాటి స్క్విడ్ బంధువు సిరా అది.

డిజిటల్ ఎప్పుడు? ఒకే బొమ్మను పోస్టర్‌గా, ఫోన్‌లో, రెండు భాషల్లో వాడాలనుకున్నప్పుడు. చర్మం, వెలుగునీడలు ముఖ్యమైతే క్రిటా సాఫ్ట్‌వేర్ లేదా ఫోన్‌లో ఐబిస్ పెయింట్. అవయవాల డయాగ్రమ్ అయితే ఇంక్‌స్కేప్, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. ఏ3 పోస్టర్‌కు కాన్వాస్ 3508 × 4961 పిక్సెళ్లతో మొదలుపెట్టండి, చిన్నది గీసి తర్వాత పెంచితే చూషకాలన్నీ మసకబారతాయి. శరీరం, రంగుచుక్కలు, అవయవాలు, లేబుళ్లు వేర్వేరు లేయర్లలో ఉంచాలి. చుక్కల లేయర్‌ను రెండు రకాలుగా చేసుకుంటే రెండు ఫ్రేముల కదిలే బొమ్మ కూడా ఉచితంగా వచ్చినట్టే.

అవయవాల డయాగ్రమ్‌లో రక్తనాళాల రంగు దగ్గర ఆగి ఆలోచించాలి. మన పుస్తకాల్లో ఎరుపంటే ఆక్సిజన్ ఉన్న రక్తం, నీలమంటే లేనిది. ఆక్టోపస్, స్క్విడ్‌లలో రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనిన్ అనే ప్రొటీన్. ఆక్సిజన్ పట్టినప్పుడే అది నీలంగా ఉంటుంది, లేనప్పుడు దాదాపు రంగుండదు. పాత అలవాటు కొద్దీ రంగులేస్తే సరిగ్గా తలకిందులైన పాఠం అవుతుంది. ఆక్సిజన్ ఉన్న నాళాలకు ముదురు నీలం, లేనివాటికి లేత బూడిద వేసి, మూలన చిన్న రంగుల సూచిక పెట్టండి. గుండెలు మూడూ ఒకే సైజులో గీయకూడదు. రెండు మొప్పల మొదట్లో చెరొకటి, మధ్యలో శరీరమంతటికీ రక్తం పంపేది ఒకటి. ఆక్టోపస్‌కు ‘తొమ్మిది మెదళ్లు’ అన్న ప్రచారాన్ని బొమ్మలో పెట్టకండి. మెదడు ఒకటే, అన్నవాహిక దాని మధ్యనుంచే పోతుంది, గారెలో రంధ్రంలా. సుమారు 50 కోట్ల నాడీకణాల్లో దాదాపు మూడింట రెండొంతులు చేతుల్లో ఉంటాయన్నది నిజం. ఒక్కో చేతిలో నాడీతాడు గీసి చూపిస్తే ఆ సంగతి తెలుస్తుంది.

నీలివలయాల ఆక్టోపస్ లాంటిదాన్ని స్క్రీన్ మీద గీసి ప్రింటుకు ఇస్తే, మెరిసిన నీలం చప్పబడి వస్తుంది. ప్రింటింగ్ సిరాలు ఆ నీలాన్ని అందుకోలేవు. నీలాన్ని ఇంకా పెంచడం వృథా. చుట్టూ ముదురు గోధుమ, పసుపు పెంచితే అదే నీలం వెలుగుతుంది. అన్నట్టు ఆ వలయాలు ప్రశాంతంగా ఉన్నప్పుడు మసకగా ఉంటాయి, బెదిరినప్పుడే మిలమిలలాడతాయి. తీరప్రాంత పిల్లలకు ‘ముట్టుకోకు’ అని చెప్పే బొమ్మయితే రెండు స్థితులూ చూపాలి.

చిన్నపిల్లలకు కార్టూన్ వేయడం తప్పేం కాదు. కళ్ల సైజు, రంగు, హాస్యం మీ ఇష్టం. చేతుల లెక్క, నోటి చోటు, చూషకాల వైపు మాత్రం మార్చొద్దు. కనుబొమ్మలు పెట్టి కోపం చూపించే బదులు ఆక్టోపస్ నిజంగా చేసేది చూపించండి. శత్రువును బెదిరించేటప్పుడు ఒళ్లంతా పాలిపోయి, కళ్ల చుట్టూ నల్లటి వలయం తేలుతుంది, చేతుల మధ్య పొర గొడుగులా విచ్చుకుంటుంది. కనుబొమ్మల కన్నా ఇదే నవ్విస్తుంది.

క్లాసులో అప్పటికప్పుడు బోర్డు మీద గీయాలంటే స్క్విడ్ తప్ప ఇంకోటి వద్దు. సుద్దముక్కను అడ్డంగా పట్టి ప్రావారం ఒక్క ఊపులో, తర్వాత రెక్కలు, తల, కళ్లు, చివర గరాటు, నీటి బాణం. బాణం ఎటుంటే జీవి దానికి ఎదురు దిక్కుకు పోవాలి. ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువ. ఇక అసలు స్క్విడ్‌కే రంగు పూసి కాగితం మీద అద్దే జపాన్ పద్ధతి గ్యోటాకు. నిజమైన సైజు, చూషకాల అచ్చు అద్భుతంగా వస్తాయి, రంగూ లోపలి నిర్మాణమూ రావు. ముందు ఉప్పు, వెనిగర్‌తో జిగురు కడిగి బాగా అద్ది ఆరబెట్టకపోతే రంగు జారుతుంది. అద్దిన స్క్విడ్‌ను తర్వాత కూరకు వాడకండి.

లేబుళ్లు, అచ్చు

తెలుగులో పేర్లు రాసేటప్పుడు ఒక మాట పట్టుకుని చివరిదాకా అదే వాడాలి. ఒకచోట కాళ్లు, ఒకచోట చేతులు, ఇంకోచోట స్పర్శకాలు అంటే పిల్లలు మూడు వేర్వేరు అంగాలనుకుంటారు. ఆక్టోపస్‌కున్న ఎనిమిదీ చేతులు. స్పర్శకాలన్న మాటను స్క్విడ్, కటిల్‌ఫిష్‌ల పొడవాటి జతకే ఉంచండి. ప్రావారం అన్న మాట పెద్ద తరగతులకు సరే, చిన్నవాళ్లకు ‘ఒంటి సంచి’ అన్నా అర్థం చెడదు. లేబుల్ గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, బాణం మొనలొద్దు, గీత అవయవం లోపలిదాకా వెళ్లాలి.

అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు నమ్మకమైనవి. డీటీపీ షాపులో ఆ ఫాంట్ లేకపోయినా, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఆన్ చేసి లేకపోయినా ఒత్తులు విడిపోయి ‘స్క్విడ్’ కాస్తా ‘స్ క్ విడ్’ అవుతుంది. ఫైలు ఇచ్చేముందు అక్షరాలను ఆకృతులుగా మార్చి, పీడీఎఫ్ ఇవ్వండి. మార్చని కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి, తర్వాత అక్షరదోషం సవరించాలంటే అదే దిక్కు. ఫ్లెక్స్ మీద సన్నటి చుక్కల నీడ నిలవదు, గీతలు లావుగా ఉన్న బొమ్మ ఇవ్వాలి. చుక్కల బొమ్మకు ఆర్ట్ పేపర్. బొమ్మ కింద సెంటీమీటర్ల కొలతగీత పెట్టండి, ‘రెండు రెట్లు పెద్దది’ అని అంకె రాయకండి. ఫోన్‌లో సైజు మారినా గీత బొమ్మతోపాటే మారుతుంది, అంకె మారదు.

అక్టోబర్ 8న ఆక్టోపస్ దినం, 10న స్క్విడ్, కటిల్‌ఫిష్‌ల దినం జరుపుతారు, చేతులు, స్పర్శకాల మొత్తం లెక్కను బట్టి పెట్టుకున్న తేదీలు. ఆ వారంలో ఆక్టోపస్ పోస్టర్ పెట్టదలిస్తే సెప్టెంబర్ రెండో వారానికల్లా నమూనా ప్రింటు ఒకటి తీయించండి. దాన్ని గోడకు అంటించి, రెండు మీటర్ల దూరంలో ఈ బొమ్మ ముందెప్పుడూ చూడని పిల్లవాణ్ణి నిలబెట్టి చేతులు లెక్కపెట్టమనండి. ఏడంటే ఒకటి దాగిపోయింది, దాని కొస ఎక్కడో ఒకచోట బయటికి తీయండి. తొమ్మిదంటే మెలిక దగ్గర చూషకాల వరుస తెగింది, అక్కడ సరిచేయండి. నోరెక్కడ అంటే కళ్ల కింద వేలు పెట్టాడా, గరాటుకు లేబుల్ లేదన్నమాట.